మూసీ వరద మీద మా హార్డ్ రాక్ సింగిల్: రిఫ్ నుంచి రిలీజ్ దాకా నా అనుభవం

మా బ్యాండ్ తెలుగులో వేసిన మొదటి హార్డ్ రాక్ సింగిల్ "కొమ్మ పట్టుకో" ఎలా తయారైందో రాయమని బ్యాండ్లు నడుపుతున్న కుర్రాళ్ళు కొందరు అడుగుతున్నారు, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నా. నేను రిథమ్ గిటార్ వాయిస్తా, లిరిక్స్ కూడా నావే. మేం నలుగురం, హైదరాబాద్‌లోనే ఉంటాం, చాలా ఏళ్ళుగా కలిసి వాయిస్తున్నాం.

ఇన్నేళ్ళూ వాయించిందంతా దాదాపు ఇంగ్లీష్ కవర్లే. వీకెండ్ పబ్ గిగ్గులు, కాలేజీ ఫెస్టులు, అప్పుడప్పుడు ఏదో ఒక కంపెనీ యాన్యువల్ డే. జనం బాగానే ఎగురుతారు, ఫోన్ లైట్లు ఊపుతారు, ఇంటికెళ్ళాక మాత్రం బ్యాండ్ పేరు ఎవరికీ గుర్తుండదు, ఎందుకంటే పాట వేరేవాళ్ళది కదా. సొంతంగా ఇంగ్లీష్‌లో రాసుకున్నవి కూడా ఉన్నాయి, వాయించడానికి బాగుండేవి, కానీ మా ఇంట్లో ఒక్కరు కూడా వాటిల్లో ఒక్క లైను పాడుకోలేదు. అదే కేరళ నుంచి అవియల్ వాళ్ళు 2008లోనే మలయాళంలో ఫుల్ రాక్ ఆల్బమ్ తెచ్చేశారు. ఢిల్లీ బ్లడీవుడ్ వాళ్ళు ఢోల్ పక్కన పెట్టుకుని హిందీ పంజాబీ మాటలతో మెటల్ చేసి 2019లో జర్మనీలో వాకెన్ మెటల్ ఫెస్టివల్ స్టేజి ఎక్కారు. మన దగ్గర చౌరస్తా, కాప్రిసియో లాంటి బ్యాండ్లు తెలుగు పాటని బ్యాండ్ సెటప్‌లోకి తెచ్చి జనానికి అలవాటు చేశాయి, ఆ రుణం మా అందరి మీదా ఉంది. కానీ గిటార్ తీగలు బాగా కిందికి దించి (డ్రాప్ ట్యూనింగ్), డిస్టార్షన్ (గిటార్ సౌండ్‌ని గరగరలాడించే ఎఫెక్ట్) ఫుల్లుగా ఉంచి తెలుగులో ఒక కథ చెప్పే పాటలకి ఇంకా బోలెడు చోటు ఖాళీగా ఉందని నా నమ్మకం. తెలుగు చెవికి డిస్టార్షన్ కొత్తేం కాదు, హీరో ఎంట్రీ వస్తే థియేటర్‌లో మోగేది అదే. ఆ సౌండ్ మీద నాలుగైదు నిమిషాలు మనసు పెట్టి వినే పాట ఒకటి రావాలి, అంతే.

ఇక దేని మీద రాయాలి అన్న సంగతి. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్ వానలు గుర్తున్నాయి కదా, 13వ తారీఖు రాత్రి మొదలైన వాన, కార్లు కొట్టుకుపోయిన వీడియోలు. అప్ప చెరువు తెగింది, కొన్ని రోజులకి గుర్రం చెరువు కట్ట తెగింది, పాతబస్తీ దిగువ కాలనీల్లో ఇళ్ళల్లోకి నీళ్ళు. మా బాసిస్ట్ వాళ్ళ చుట్టాలు అప్పుడు రెండో ఫ్లోర్‌లో ఉన్న పక్కింటి వాళ్ళ దగ్గర తలదాచుకున్నారు. ఆ వానల తర్వాతే నేను 1908 మూసీ వరద గురించి చదవడం మొదలుపెట్టా. 1908 సెప్టెంబర్ 28, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలం. ఒక్క రోజులో దాదాపు 15 వేల మంది పోయారని చెప్తారు. తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించింది, ఆయన లెక్క తీస్తే మూసీ పరీవాహకంలో 788 చెరువులుంటే వాటిల్లో 221 తెగిపోయాయట. ఆయన సలహా మీదే పైన రిజర్వాయర్లు కట్టాలని నిర్ణయించి 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తి చేశారు. మనం గండిపేట అని పిక్నిక్‌కి వెళ్ళే చెరువు పుట్టింది ఆ చావుల్లోంచి.

ఈ 221 అన్న అంకె నన్ను వదల్లేదు. మన గొలుసుకట్టు చెరువులు ఎలా ఉంటాయో ఊళ్ళో పెరిగిన వాళ్ళకి తెలుసు, పై చెరువు నిండితే అలుగు దూకి కింది చెరువులోకి, అది నిండితే దాని కిందిదానిలోకి. మామూలు రోజుల్లో అది వరం. పైదాని కట్ట తెగిన రోజు మాత్రం ఆ నీళ్ళన్నీ ఒక్కసారి కిందిదాని మీద పడతాయి, అదీ తెగుతుంది, రెండిటి నీళ్ళూ కలిసి మూడోదాని మీదకి. పాట స్ట్రక్చర్ అక్కడే దొరికేసింది నాకు. ఒక గిటార్‌తో మొదలవ్వాలి, ప్రతి నాలుగు బార్లకీ (బార్ అంటే తాళం ఒక చుట్టు) ఇంకో లేయర్ వచ్చి మీద పడాలి, వచ్చింది ఏదీ వెనక్కి పోకూడదు, కోరస్ దగ్గరికి వచ్చేసరికి మొత్తం తెగిపోవాలి.

ఉస్మానియా హాస్పిటల్ ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది, అఫ్జల్‌గంజ్ వైపు. ఆ వరద రోజు దాదాపు 150 మంది దాని మీదకి ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. చెట్టు ఇంకా ఉంది. నేనూ మా డ్రమ్మరూ వెళ్ళి చూశాం, చుట్టూ పేషెంట్ల బంధువులు టిఫిన్ డబ్బాలు పెట్టుకుని నీడలో కూర్చుని ఉన్నారు, అక్కడున్న ఒక పెద్దాయన్ని అడిగితే "గీ చెట్టే సార్, నూటయాభై మందిని మోసింది" అని తన ఇంటి మనిషి గురించి చెప్పినట్టు చెప్పాడు. కోరస్ ఏంటో ఇంక వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. వరద గురించి రాస్తే సరిపోదు, ఆ కొమ్మ కూడా ఉండాలి పాటలో.

ఇప్పుడు అసలు పని, రిఫ్, అంటే పాటలో తిరిగి తిరిగి వచ్చే గిటార్ ముక్క. గిటార్లు డ్రాప్ సి లో పెట్టాం, అంటే అన్ని తీగలూ ఒక ఫుల్ స్టెప్ దించి, ఆరో తీగ ఇంకో స్టెప్ దించి. మామూలు తీగలైతే అంత కిందికి దించాక వదులైపోయి పిచ్ ఊగుతుంది, లావు సెట్ వేసుకోవాల్సిందే, వేసుకున్నాక ఇంటొనేషన్ (మెడ పొడుగునా స్వరం సరిగ్గా పలకడం) మళ్ళీ సెట్ చేయించాల్సిందే. రిఫ్ నా చేతికి 7/8 లో, అంటే బార్‌కి ఏడు దెబ్బలతో వచ్చింది, మూడు, నాలుగు అని విరుగుతూ. కాలు జారి మళ్ళీ నిలదొక్కుకుంటున్నట్టు ఉంటుంది ఆ నడక, వరదకి అదే కావాలి. కానీ దాని మీద మాటలు పెడదామంటే ఏం రాసినా ఒక మాత్ర (అక్షరం పలికే కాలానికి కొలత) మిగలడమో తగ్గడమో. ఇంగ్లీష్ పాటల ట్యూన్లు విని విని నోరు నాలుగు బీట్లకే అలవాటు పడిపోయింది.

అప్పుడు మా సింగర్ (తను గుంటూరు మనిషి, వాళ్ళ నాన్నగారు తెలుగు మాస్టారు) రిఫ్ నాలుగైదు సార్లు వినేసి "ఇది మత్తకోకిల నడక కదా" అంది. స్కూల్లో ఆ పద్యం గణాలు ర స జ జ భ ర అని బట్టీ పట్టినవాళ్ళం అందరం ఆగిపోయాం. లెక్క వేసి చూడండి, మత్తకోకిల పాదంలో మాత్రలు 7, 7, 7, 5. ప్రతి ఏడూ మళ్ళీ మూడు, నాలుగు. మిశ్రగతి. మొత్తం 26 మాత్రలు. మా రిఫ్ అప్పటిదాకా నాలుగు బార్లూ ఏడే ఉండేది, మా డ్రమ్మర్ వెంటనే "అయితే నాలుగో బార్ ఐదు చేద్దాం, రెండు కట్ చేస్తే సీదా మళ్ళా ఫస్ట్‌కి పడ్తది" అన్నాడు. మూడు బార్లు 7/8, నాలుగోది 5/8. వాయించి చూస్తే ఒళ్ళు జలదరించింది. ఆ ఐదు దగ్గర ఊపిరి తీసుకునే టైమ్ ఉండదు, తర్వాతి పాదం వచ్చి మీద పడిపోతుంది, నాక్కావాల్సింది సరిగ్గా అదే. వందల ఏళ్ళుగా మన పద్యాల్లో ఉన్న నడక మార్షల్ ఆంప్‌లోంచి బయటికి వస్తుంటే నాకైతే చాలా గర్వంగా అనిపించింది.

ఆ కొలత దొరికాక మాటలు వాటంతట అవే కుదిరాయి:

కట్ట తెగినది చెరువు కదిలెను వీధి వీధికి పోటుగా
గడప దాటిన నీటి గొంతుక గోడ నడిగెను పేరుతో

గణాలు పట్టుకుని చూస్తే ఇది మత్తకోకిల కాదు, గురులఘువులు ఎక్కడుండాల్సినవి అక్కడ లేవు, యతిప్రాసలూ లేవు. మాత్రల నడక మాత్రమే తీసుకున్నాం. రెండో చరణం ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ గురించి. రుబాయీలకి (నాలుగు పాదాల పద్యాలు) చాలా పేరున్న కవి, ఆ వరదలో తల్లి, భార్య, కూతురు ముగ్గురూ పోయి ఈయన ఒక్కడే బతికాడు. అది చదివాక దాని గురించి రాయకుండా ఉండలేకపోయా:

అమ్మ చేతిని ఆలి చేతిని పాప చేతిని వదిలెనా

ఈ లైను పాడేటప్పుడు సింగర్ చివరి "నా" ని ప్రశ్నలా పైకి తీసుకెళ్ళి అక్కడే వదిలేస్తుంది, రిఫ్ కూడా ఒక బార్ ఆగుతుంది. పాట మొత్తంలో గిటార్లు ఆగేది అక్కడొక్కచోటే.

లిరిక్స్ రాసేవాళ్ళకి ఒక మాట చెప్పాలి. తెలుగు మాటలు అచ్చుతో అయిపోతాయి, రాక్‌కి పనికిరావు అని చాలామంది అంటుంటారు, నేను ఒప్పుకోను. పామ్ మ్యూట్ (అరచేతి అంచుతో తీగలు నొక్కి కొట్టే దెబ్బ) పడే చోట ద్విత్వాక్షరాలు పెట్టి చూడండి, కట్ట, గట్టు, కొమ్మ, చెయ్యి. ఆ జంట హల్లు దగ్గర గొంతు ఒక క్షణం ఆగుతుంది కదా, ఆ క్షణంలోనే గిటార్ దెబ్బ పడాలి, అప్పుడు మాటా రిఫ్ఫూ ఒకటే అయిపోతాయి. ఇక గొంతు ఎత్తి పాడాల్సిన కోరస్‌కి దీర్ఘంతో అయిపోయే మాటకి మించింది లేదు. మా కోరస్ ఇదే, మామూలు 4/4 లో, చతురశ్రం:

కొమ్మ పట్టుకో, చెయ్యి అందుకో

ఎనిమిది, ఎనిమిది మాత్రలు. ఆ "కో" మీద ఎంతసేపైనా నిలబడొచ్చు, నోరు పూర్తిగా తెరుచుకుంటుంది, వెయ్యి మంది అరిచినా మాట చెదరదు. చరణమంతా ఏడులో తూలిన పాట కోరస్‌లో నాలుగుకి రాగానే కాళ్ళ కింద నేల దొరికినట్టు ఉండాలని మా ప్లాన్.

ప్రీ ప్రొడక్షన్ గురించి క్లుప్తంగా చెప్తా. క్లిక్ ట్రాక్‌లో (లయ కోసం టిక్ టిక్ మనే ట్రాక్) బార్ మారిన ప్రతిచోటా టైమ్ సిగ్నేచర్ మార్చి టెంపో మ్యాప్ చేసుకున్నాం, దాని మీద స్క్రాచ్ గిటార్ స్క్రాచ్ వోకల్, అంటే తర్వాత తీసేసే కచ్చా రికార్డింగ్. జామ్ రూమ్‌లో దాన్ని చెవిలో పెట్టుకుని కళ్ళు మూసుకున్నా తప్పు రాని దాకా ప్రాక్టీస్. స్టూడియోలో గంటకింత అని మీటర్ తిరుగుతుంటుంది కాబట్టి ఈ పని ముందే అయిపోవాలి.

డ్రమ్స్ ప్రోగ్రామింగ్ చేసేద్దాం, డబ్బులు మిగులుతాయి అని మాలోనే ఒక వాదన వచ్చింది. ఈ రోజుల్లో డ్రమ్ సాఫ్ట్‌వేర్‌తో బ్రహ్మాండమైన సౌండ్ వస్తుంది, తప్పేం లేదు, కానీ ఆ 5/8 బార్‌లో మా డ్రమ్మర్ కొంచెం ముందుకి తోస్తాడు, క్లిక్ కంటే ఒక వెంట్రుక ముందు పడతాడు, ఆ తొందర మౌస్‌తో గీస్తే రాదు. మంచి లైవ్ రూమ్ ఉన్న స్టూడియో తీసుకున్నాం. కొత్త స్కిన్స్ వేసి టామ్స్ ట్యూన్ చేయడానికే సగం పూట పోయింది, ఆ సగం పూట వల్లే తర్వాత మిక్సింగ్‌లో చాలా తలనొప్పి తప్పింది. కిక్ లోపల ఒక మైక్, స్నేర్‌కి పైనా కిందా, టామ్స్‌కి ఒక్కోటి, ఓవర్‌హెడ్స్ రెండు, రూమ్ మైకులు రెండు. ఓవర్‌హెడ్స్ రెండూ స్నేర్ మధ్య నుంచి ఒకే దూరంలో ఉండాలి, ఇంజనీర్ ఒక కేబుల్ ముక్క పెట్టి కొలిచాడు, ఆ దూరం తేడా వస్తే స్నేర్ సౌండ్ ఫేజ్ పోయి పల్చగా అయిపోతుంది. రూమ్ మైకుల్ని బాగా నొక్కి కంప్రెస్ చేసి కోరస్‌లో మాత్రమే పైకి తెచ్చాం, కోరస్‌లో సడన్‌గా జాగా పెద్దదైనట్టు అనిపించేది అందుకే.

గిటార్ల విషయంలో అందరూ అనుకునేదానికి ఉల్టా ఒకటి ఉంది, లేయర్లు పెరిగేకొద్దీ గెయిన్ (డిస్టార్షన్ ఎంత అన్నది) తగ్గించాలి. ఒక్క గిటార్‌ని ఇంట్లో వాయించేటప్పుడు బాగున్న గెయిన్‌తో నాలుగు ట్రాకులు వేస్తే మొత్తం బురద అయిపోతుంది, పిక్ దెబ్బ వినపడదు. ఎడమ రెండు, కుడి రెండు, ప్రతి ట్రాకూ విడిగా వాయించిందే, కాపీ పేస్ట్ చేస్తే వెడల్పు రాదు. క్యాబినెట్ ముందు ఎస్ఎం57 మైక్, స్పీకర్ మధ్య టోపీ అంచు దగ్గర పెట్టి అటూ ఇటూ ఒక్కో అంగుళం జరిపి వింటూ పోతే ఒకచోట సౌండ్ దానంతట అదే కుదిరింది. డీఐ (ఆంప్ లేకుండా గిటార్ నుంచి నేరుగా వచ్చే సిగ్నల్) కూడా పక్కనే రికార్డ్ చేసి పెట్టుకున్నాం, ఎప్పుడైనా దాన్ని మళ్ళీ ఆంప్‌లోకి పంపి రీఆంప్ చేసుకోవడానికి. బాస్ రెండు పాయలు, కింది భాగం క్లీన్, పై భాగానికి డిస్టార్షన్.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన రోజు గురించి. రెండో కోరస్ తర్వాత బ్రిడ్జ్‌లో (పాట మధ్యలో వేరేగా వచ్చే భాగం) డప్పు కావాలని ముందు నుంచీ ఉంది. ఊళ్ళో చెరువు తెగితే, వరదొస్తే చాటింపు వేసింది డప్పే కదా. మా బాసిస్ట్‌కి తెలిసిన డప్పు కళాకారుడు అన్న ఒకాయన వచ్చాడు, ఇంకో ఇద్దర్ని వెంట తీసుకుని. స్టూడియో ఏసీలో పది నిమిషాలకే తోలు వదులైపోయి సౌండ్ కిందికి దిగిపోయింది. డప్పుకి ట్యూనింగ్ అంటే మంటే, వాళ్ళు బయట పార్కింగ్‌లో కాగితాలు, ఎండు కొమ్మలు మండించి డప్పులు కాచుకుని, పరుగున లోపలికి వచ్చి ఒక టేక్, మళ్ళీ బయటికి. ఏసీ ఆపేసి తలుపులు మూసి రికార్డ్ చేశాం, అందరికీ చెమటలు. నేను ఏడు, ఏడు, ఏడు, ఐదు అని కాగితం మీద రాసి అన్నకి చూపించబోతే "తమ్మీ, నీ లెక్క నాకొద్దు, పాట పెట్టు" అన్నాడు. రెండుసార్లు కళ్ళు మూసుకుని విన్నాడు, మూడోసారి సిర్ర (డప్పు కొట్టే కర్ర) పట్టుకుని మొదలుపెడితే ఐదు దగ్గర కత్తిరింపుతో సహా పడింది. పైగా ఆ కత్తిరింపు దగ్గర సన్న పుల్లతో ఒక చిన్న ఉరుకు వేశాడు, మేమెవరం అనుకోనిది, అదే ఇప్పుడు పాటలో జనం నోటితో వాయించి చూపించే ముక్క. క్రెడిట్స్‌లో ఆ ముగ్గురి పేర్లూ మా పేర్ల పక్కనే, అదే సైజులో ఉన్నాయి, పేమెంట్ అదే రోజు ఇచ్చేశాం. ఇది గొప్ప కోసం చెప్పట్లేదు, జానపద కళాకారుల్ని పిలిచి "ఎక్స్‌పోజర్" అని చెప్పి పంపించేసే అలవాటు మన దగ్గర ఇంకా ఉంది కాబట్టి చెప్తున్నా.

వోకల్స్‌లో అసలు కష్టం మాట వినపడటం. డిస్టార్షన్ గిటార్లు, మనిషి గొంతులో హల్లులు, రెండూ సుమారు 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్యే కొట్టుకుంటాయి. గిటార్ గెలిస్తే పాట అరుపులా వినపడుతుంది, జనం అనే మాట కూడా అదే, "అరుపులు తప్ప ఏం అర్థం కాలేదు". మా మిక్సింగ్ ఇంజనీర్‌ది సినిమా పాటల అనుభవం, ఆయన మొదటి మిక్స్‌లో గొంతు బాగా ముందుకి తెచ్చి గిటార్లని వెనక్కి పంపించారు, విన్న వెంటనే లీడ్ గిటారిస్ట్ మొహం మాడిపోయింది. మేం రిఫరెన్స్‌గా ఇచ్చిన ఇంగ్లీష్ పాటల్లో గొంతు గిటార్లలో సగం మునిగే ఉంటుంది. చాలా చర్చ నడిచింది. ఆయన అన్నది నాకు సబబుగా తోచింది, ఇంగ్లీష్ రాక్ వినేవాడు లిరిక్ చదువుకుంటాడు, తెలుగువాడు పాట వింటూనే మాట పట్టుకుంటాడు, మాట అందకపోతే రెండోసారి పెట్టడు. చివరికి చరణాల్లో గొంతు ఉన్నంతసేపు గిటార్లలో ఆ 3 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల కొంచెం కిందికి దించి, గొంతు లేనప్పుడు మళ్ళీ పైకి వచ్చేలా ఆటోమేషన్ చేశారు. గిటార్లు తగ్గినట్టు అనిపించదు, మాట మాత్రం విడిగా వినపడుతుంది. ఆటోట్యూన్ వద్దని సింగర్ ముందే చెప్పేసింది. "వదిలెనా" దగ్గర గొంతు కొంచెం పగులుతుంది, దాన్ని అలాగే ఉంచాం.

మాస్టరింగ్‌లో లౌడ్‌నెస్ గురించి ఒక ముక్క. స్పాటిఫై మామూలు సెట్టింగ్‌లో పాటలన్నిటినీ మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (లౌడ్‌నెస్ కొలత) దగ్గరికి తెచ్చి వినిపిస్తుంది, మీరెంత నొక్కి పంపినా అది కిందికి దించేస్తుంది. అందుకని పోటీపడి నలిపేస్తే డ్రమ్స్ చచ్చిపోవడం తప్ప లాభం లేదు. మా పాట అసలు పాయింటే చిన్నగా మొదలై పెద్దదవడం, కాబట్టి డైనమిక్స్ ఉంచమని గట్టిగా అడిగాం.

రిలీజ్ డేట్ సెప్టెంబర్ 28. ఇంకో డేట్ ఆలోచన కూడా రాలేదు. డిస్ట్రిబ్యూటర్ దగ్గర అకౌంట్, పాటకి ఐఎస్ఆర్‌సీ కోడ్ (రికార్డింగ్‌కి ఇచ్చే గుర్తింపు నంబర్), 3000 బై 3000 పిక్సెల్స్ కవర్, రైటర్ కంపోజర్ పేర్లు, లిరిక్స్ తెలుగు లిపిలో. సొంత పాటలు వేసేవాళ్ళు ఐపీఆర్ఎస్ (పాటల రాయల్టీలు వసూలు చేసి పంచే సంస్థ) మెంబర్‌షిప్ సంగతి కూడా చూసుకోండి, రాసినవాళ్ళకీ కట్టినవాళ్ళకీ రావాల్సిన రాయల్టీ వేరే దారిలో వస్తుంది. స్పాటిఫైలో ఎడిటోరియల్ ప్లేలిస్టుకి పిచ్ చేయాలంటే రిలీజ్‌కి కనీసం 7 రోజుల ముందు పాట అక్కడికి చేరి ఉండాలి. మేం ముందే పంపాం, ప్లేలిస్ట్ రాలేదు. భాష తెలుగు, జానర్ రాక్ అని పెడితే ఆ పాట ఎవరి ముందుకు వెళ్ళాలో ఇంకా దారి పడలేదనిపిస్తుంది, తెలుగు ప్లేలిస్టులన్నీ దాదాపు సినిమావే, రాక్ ప్లేలిస్టులు దాదాపు ఇంగ్లీషువే. ఇలాంటి పాటలు ఇంకా ఇంకా వస్తేనే ఆ దారి పడుతుంది. లిరిక్ వీడియోలో 1908 నాటి వరద ఫోటోలు వాడాం. మన చట్టంలో ఫోటోలకి పబ్లిష్ అయినప్పటి నుంచి 60 ఏళ్ళే కాపీరైట్ కాబట్టి ఇబ్బంది లేదు, అయినా ఎక్కడి నుంచి తీసుకున్నామో వీడియో చివర వేశాం.

జనం ఎలా తీసుకున్నారు అనేది రెండు మూడు రకాలుగా నడిచింది. మొదట మా పాత పబ్ ఆడియన్స్. రిఫ్ అదిరింది, కానీ తెలుగెందుకు, ఇంగ్లీష్‌లో చేసుంటే బయటి దేశాలకి వెళ్ళేది కదా అని కొందరు. నాకు ఆ మాట నచ్చలేదు, వాళ్ళకే చెప్పా కూడా. అన్నట్టు స్ట్రీమింగ్ లెక్కల్లో హైదరాబాద్, బెంగళూరు, డల్లాస్ తర్వాత కనిపించింది ఇండోనేషియా. తెలుగు ఒక్క ముక్క రాని వాళ్ళు ఆ 7/8 కోసం వింటున్నారు. అక్కడ మెటల్ అంటే పిచ్చి, వాళ్ళ మాజీ అధ్యక్షుడు జోకో విడోడో కూడా మెటల్ ఫ్యానే. బయటికి వెళ్ళడానికి భాష అడ్డం రాలేదు మరి.

రెండోది, రాక్ అలవాటు లేని తెలుగువాళ్ళు. మా పెద్దమ్మ ఫోన్ చేసి "మొదట్లో చెవులు మూసుకున్నా రా, ఆ చెట్టు సంగతి తెలిశాక మళ్ళీ పెట్టుకున్నా" అంది. సింగర్ వాళ్ళ నాన్నగారు పాదాలన్నీ మాత్రలు లెక్కగట్టి, గణాలు తప్పాయి గానీ నడక ఎక్కడా తప్పలేదని చెప్పి, యతి కూడా కుదిర్చి ఉంటే ఇంకా బాగుండేదని మూడు లైన్లు సవరించి పంపారు. సవరించినవి నిజంగా బాగున్నాయి, లైవ్‌లో ఇప్పుడు వాటిల్లో ఒకటి పాడుతున్నాం.

మూడోది నేను ఊహించనిది. పాతబస్తీ నుంచి, మూసీ ఒడ్డు బస్తీల నుంచి మెసేజులు. మా తాతవాళ్ళ అమ్మ ఆ వరదలో బతికిందని ఒకరు, మా ఇంట్లో ఇప్పటికీ ఆ తారీఖున అన్నదానం చేస్తామని ఒకరు. ఒక ఉర్దూ మాస్టారు అమ్జద్ చరణం విని, తెలుగు పాటలో ఆయన ప్రస్తావన వస్తుందని అనుకోలేదని, ఆయన రుబాయీలు కొన్ని చదివి వాయిస్ మెసేజ్ పెట్టారు. నేను దాన్ని బ్యాండ్ అందరికీ వినిపించా, ఎవరం చాలాసేపు మాట్లాడలేదు.

విమర్శలు కూడా గట్టివే వచ్చాయి. ఇంట్రో మరీ పొడుగు అన్నది ఎక్కువమంది మాట. మొదటి 30 సెకన్లు వినకపోతే స్ట్రీమ్‌గా లెక్కపడదు, ఈ రోజుల్లో ఇంత నెమ్మదిగా మొదలుపెడితే ఎలా అని ఒక మ్యూజిక్ డైరెక్టర్ దగ్గర పనిచేసే ఫ్రెండ్ అన్నాడు. లెక్క ప్రకారం కరెక్టే, కానీ ఒక్కో చెరువూ నిండటం వినిపించకపోతే తెగడం ఎక్కడ వినపడుతుంది, అందుకే షార్ట్ వెర్షన్ అడిగినా చేయలేదు. డబ్బు సంగతి అడుగుతారు కాబట్టి అదీ చెప్తా. 2024 నుంచి స్పాటిఫైలో ఒక పాటకి 12 నెలల్లో కనీసం 1000 స్ట్రీమ్స్ వస్తేనే రాయల్టీ మొదలవుతుంది, ఆ గీత మేం తొందరగానే దాటాం, కానీ స్టూడియో ఖర్చు స్ట్రీమ్స్ మీద వెనక్కి వస్తుందని ఎవరూ ప్లాన్ చేసుకోకండి. మాకు కొంత వెనక్కి తెచ్చింది లైవ్ షోలు, టీషర్టులు.

లైవ్ గురించి చెప్పకపోతే సగమే చెప్పినట్టు. ఒక ఇంజనీరింగ్ కాలేజీ ఫెస్ట్‌లో మొదటిసారి వాయించాం, డప్పు అన్నవాళ్ళు కూడా స్టేజి మీద. చరణంలో జనానికి తల ఊపడం కుదర్లేదు, ఏడు కదా, నాలుగో ఊపుకి తప్పిపోతున్నారు, కొంతమంది ఆగిపోయి డ్రమ్మర్ కాలు వైపే చూస్తున్నారు. కోరస్ నాలుగుకి రాగానే గ్రౌండంతా ఒక్కసారి అందుకుంది. రెండో కోరస్‌కి సింగర్ మైక్ జనం వైపు తిప్పింది, "కొమ్మ పట్టుకో" అని ఇటు సగం, "చెయ్యి అందుకో" అని అటు సగం, ఎవరూ చెప్పకుండా వాళ్ళే పంచుకున్నారు. పాట అయ్యాక స్టేజి వెనక్కి ఒక ఫస్టియర్ పిల్లోడు వచ్చి ఆ చింతచెట్టు నిజంగా ఉందా అన్నా అని అడిగాడు, మహబూబ్‌నగర్ నుంచి వచ్చాడట, బస్సు ఎక్కడ దిగాలో కూడా అడిగి రాసుకున్నాడు.

మెయిన్ రిఫ్ ట్యాబ్, టెంపో మ్యాప్, డ్రమ్ నొటేషన్ కావాల్సిన బ్యాండ్లకి ఫ్రీగా ఇస్తున్నాం, కవర్ చేసుకోండి, మార్చుకోండి, మీ ఊరి చెరువు పేరు పెట్టుకోండి. డప్పు అన్న ఇప్పుడు ప్రతి ఆదివారం మా ప్రాక్టీస్‌కి వస్తున్నాడు. తర్వాతి పాట ఖండగతిలో, ఐదులో కట్టాం, గోదావరి జిల్లాల వైపు కథ, డ్రమ్స్ రికార్డింగ్ సంక్రాంతి తర్వాత మొదలవుతుంది.